ఇందులో మనమెక్కడ?

2019 నవంబరులో అమ్మానాన్నా మా ఇంటికొచ్చారు. కాన్‌బెర్రాకి ఉత్తరాన గంగాలిన్ అనే శివారు మాది. అప్పటికి ఏడు నెలల క్రితమే, ఏప్రిల్ 20న, ఊళ్ళోకి ట్రాము మొదలైంది. నాన్నగారికి ట్రామెక్కించి ఊరు చూపించాలనీ, సాయంత్రాలు యెర్రబి చెరువు గట్టు మీద నడిపించాలనీ పెద్ద ప్రణాళికలు వేసుకున్నాను. వాటిలో సగం కూడా జరగలేదు. ఆ యేడు దేశమంతా అడవులు తగలబడ్డాయి. డిసెంబరు వచ్చేసరికి వెనక తలుపు తీస్తే పొగ, ముందు తలుపు తీస్తే పొగ. నాన్నగారికి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం.

తలుపుల కింద తడితువాళ్ళు కుక్కి, ఏసీ లోపలి గాలినే తిప్పేలా పెట్టుకుని కూర్చునేవాళ్ళం. మావిడ మాస్కుల కోసం గంగాలిన్‌లో ఉన్న మందులషాపులన్నీ తిరిగి ఉత్తచేతుల్తో వచ్చింది. 2020 జనవరి 1న పొద్దున్నే లేచి చూస్తే సూర్యుడు కుంకుమబొట్టులా ఉన్నాడు. గాలి ఎలా ఉందో చెప్పే సూచీ 200 దాటితేనే ప్రమాదకరం అనేవాళ్ళప్పట్లో ఇక్కడ. ఆరోజు మా ఊళ్ళో అది వేలల్లోకి వెళ్ళింది. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేసిన వాళ్ళందరికీ దగ్గుతూనే సమాధానం చెప్పాం.

ఆ రోజుల్లో నా చేతిలో ఫోను, ఫోనులో మంటల మ్యాపు. న్యూసౌత్‌వేల్స్ అగ్నిమాపక సేవ వాళ్ళ యాప్ అది. అందరూ అదే చూసేవాళ్ళు. ఒక్కో మంటకీ ఒక్కో వజ్రపుగుర్తు. ఊరికే తెలుసుకోండి అనడానికి నీలం, కాస్త కనిపెట్టుకుని ఉండి సిద్ధపడండి అనడానికి పసుపు, ప్రాణాల మీదకొచ్చింది అనడానికి ఎరుపు. చాలా రోజుల్లో వందకు పైగా మంటలుండేవి. వేళ్ళతో మ్యాపుని దూరం చేస్తే తూర్పు తీరమంతా పేలాలు చల్లినట్టుండేది. దగ్గరకు తెస్తే ఏ ఊరి దగ్గరున్నామో అర్థమయ్యేది కాదు.

ఒక సాయంత్రం నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని నా భుజం మీదుగా చాలాసేపు చూసి, "అంతా బానే ఉందిగానీ అబ్బాయీ, ఇందులో మనమెక్కడ?" అన్నారు.

నవ్వొచ్చింది ముందు. ఇరవయ్యేళ్ళుగా నేను కూడు తింటున్నది ఇలాంటి తెరలు తయారుచేసే. రంగురంగుల చుక్కలు, గీతలు, మ్యాపులు. 'ఒక్క చూపులో మొత్తం వ్యాపారం' అని మా సేల్స్ వాళ్ళు అమ్ముకునేవి. నాన్నగారడిగిన ప్రశ్న నా క్లయింట్లలో ఒక్కరు కూడా నన్ను ఇంత సూటిగా అడగలేదు. నేనూ వాళ్ళని అడగలేదు. మ్యాపులో ఇంటిదగ్గర ఒక పిన్ను గుచ్చి, చుట్టూ ఒక వలయం గీసి, ఆ వలయంలోకి ఏదైనా వస్తే చెప్పమని పెట్టాను. ఆ సదుపాయం యాప్‌లో అప్పటికే ఉంది. నేనే వాడుకోలేదు.

నవ్వు అక్కడితో సరిపోయుంటే బావుండేది.

అప్పుడు నేను పనిచేస్తున్న ప్రాజెక్టు గురించి కొంచెం చెప్పాలి. క్లయింటు పేరు అనవసరం. చిన్నచిన్న ఊళ్ళలోని క్లినిక్కుల్లో టీకాలు పెట్టుకునే ఫ్రిజ్‌లని దూరం నుంచి కనిపెట్టుకుని ఉండటం వాళ్ళ పని. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. 5 దగ్గర ఉంచడానికి ప్రయత్నించమని ఇక్కడి జాతీయ మార్గదర్శకాలు చెప్తాయి, ఆ పుస్తకం పేరే అది. ఫ్రిజ్‌లో ఒక సెన్సరు, పక్కన ఒక చిన్న మోడెము. ఐదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత పంపుతాయి. నేను చేసింది గోడ మీద పెట్టే పెద్ద తెర. రాష్ట్రం మ్యాపు, దానిమీద సుమారు రెండొందల చుక్కలు. అన్నీ బావుంటే ఆకుపచ్చ. గత ఇరవైనాలుగ్గంటల్లో ఒక్కసారైనా హద్దు దాటితే ఎరుపు. సెన్సరు నుంచి కబురు రాకపోతే బూడిదరంగు.

డెమో రోజున రెండొందల పచ్చచుక్కల మధ్య మూడు ఎర్రచుక్కలు ఉన్నాయి. ముచ్చటగా, పచ్చిమిరపకాయల బుట్టలో పండుమిరపకాయల్లా. మా డామేజరుగారు "వావ్" అన్నారు. క్లయింటూ వావ్ అన్నారు. నేను ఆ డేటాని ఏదో చల్లని మంగళవారం నాటిది తీసుకున్నానని ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

2020 జనవరి 4 శనివారం. కాన్‌బెర్రా విమానాశ్రయంలో 44 డిగ్రీలు, అక్కడ రికార్డయిన వాటిలో అదే ఎక్కువ. ఇంట్లో మేం ఐదుగురం ఒకే గదిలో ఏసీ కింద. క్లయింటు ఆఫీసులో ఆ తెర ముందు డ్యూటీలో ఒకే ఒక్కరు. అంత ఎండలో ఫ్రిజ్ తలుపు ఒక్క నిమిషం తీసినా చాలు, లోపల 8 దాటుతుంది. ఐదు నిమిషాల్లో మళ్ళీ దిగుతుంది, కానీ నా లెక్కప్రకారం చుక్క ఇరవైనాలుగ్గంటలూ ఎర్రగానే ఉంటుంది. మధ్యాహ్నానికి తెర మీద అరవైకి పైగా ఎర్రచుక్కలు. ఆ మనిషి పాపం ఒక్కోదాన్నీ నొక్కి, చూసి, అవసరమైన చోటకల్లా ఫోన్ చేసి, సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా తాగకుండా పనిచేశారు. వాటిలో ఒక్కటి కూడా నిజమైన ప్రమాదం కాదు.

నిజమైనది వేరే ఉంది. ఒక చిన్న ఊళ్ళో శుక్రవారం రాత్రి క్లినిక్కులో కరెంటు ట్రిప్ అయింది. ఫ్రిజ్ ఆగింది. ఫ్రిజ్‌తోపాటు సెన్సరు మోడెమూ ఆగింది. కాబట్టి అక్కణ్ణుంచి కబుర్లు రావడం మానేశాయి, చుక్క బూడిదరంగుకి మారింది. మ్యాపు నేల ఏ రంగో చెప్పలేదు కదూ? లేత బూడిదరంగు. కళ్ళకి ఇంపుగా ఉంటుందని నేనే ఎంచుకున్నాను. బూడిదచుక్కని ఇంకాస్త చిన్నదిగా కూడా చేశాను, "డేటా లేదు కాబట్టి చూడ్డానికేమీ లేదు" అన్న తర్కంతో. సోమవారం క్లినిక్ తెరిచేసరికి ఫ్రిజ్‌లో ఉన్న టీకాలన్నీ గది వేడికి ఉడికి ఉన్నాయి. అన్నీ పారేశారు. చెడిపోయిన టీకా ఎవరికీ వెయ్యలేదు, అదొక్కటే నయం. ఆ వారం చంటిపిల్లల్ని ఎత్తుకుని దూరంనుంచి వచ్చిన తల్లుల్ని మాత్రం తర్వాత రమ్మని పంపించేశారట. ఆ సంగతి క్లయింటు చాలా మర్యాదగా చెప్పారు. తిట్టుంటే కాస్త తేలిగ్గా ఉండేది.

కళ్ళు ఎలా వెతుకుతాయో చదువుకోని వాణ్ణి కాదు నేను. ఆన్ ట్రీస్‌మన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1980లో, గెలాడ్ అనే సహచరుడితో కలిసి, దీనిమీద పేరుమోసిన వ్యాసం రాశారు. పచ్చచుక్కల మధ్య ఒక్క ఎర్రచుక్క ఉంటే, పచ్చవి పదున్నా రెండొందలున్నా కంటికి ఠక్కున దొరుకుతుంది. మనం వెతకనక్కర్లేదు, అదే వచ్చి మీద పడుతుంది. రంగు, పరిమాణం, వాలు, కదలిక ఇలాంటి వాటికి ఆ గుణం ఉంది. అదే ఎర్రగుండ్రాలు, పచ్చచతురస్రాలు కలగలిసిన గుంపులో ఒక ఎర్రచతురస్రాన్ని పట్టుకోమంటే, రంగు ఒక్కటే చాలదు, ఆకారం ఒక్కటే చాలదు. రెండూ కలిపి చూడాలి. అప్పుడు కన్ను ఒక్కోదాన్నీ తడుముకుంటూ పోతుంది. గుంపు పెరిగినకొద్దీ టైము పెరుగుతుంది.

మన తరం వాళ్ళకి ఇది ఇంకో రకంగా తెలుసు. టెన్త్ రిజల్ట్స్ పేపర్లో పడే రోజులు గుర్తున్నాయా? పేజీలకి పేజీలు నంబర్లే. ఫస్టుక్లాసు, సెకండుక్లాసు, థర్డుక్లాసు. చీమల బారులాంటి ఆ అంకెల్లో మన హాల్‌టికెట్టు నంబరు కోసం స్కేలు పెట్టి వెతికేవాళ్ళం. దొరికితే సరే. దొరక్కపోతే? ఫెయిలయినవాడి నంబరు అక్కడ ఉండదు. లేనిదాన్ని ఎంతసేపు వెతికితే లేదని నమ్మకం కుదురుతుంది? మా పక్కింటి అన్నయ్య మూడు పేపర్లు కొని, మూడింట్లోనూ వెతికాడు, ఒకదాంట్లో అచ్చుతప్పు పడిందేమోనని. నా బూడిదచుక్క అచ్చంగా ఆ అచ్చుకాని నంబరే. ఇంత తెలిసుండీ ఎలా చేశానో.

ఎరుపు ఎంత బలంగా మీద పడుతుందో, మిగతావాటిని అంత బలంగా వెనక్కి తోస్తుంది. పుస్తకాల్లో మొదటి సగాన్నే నేను వంటబట్టించుకున్నాను.

ఆ వారమంతా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాన్నగారు కనిపెట్టేశారు. పొగలో బయటికెళ్ళే పని లేదు, టీవీలో తెలుగు ఛానెళ్ళు లేవు, ఆయనకి నన్ను గమనించడం తప్ప పనేముంది :) చెప్పాను. లాప్‌టాప్‌లో ఆనాటి తెర కూడా చూపించాను. చుక్కలన్నీ చూసి, బూడిదచుక్కని నేను వేలుపెట్టి చూపిస్తేగానీ ఆయనకీ కనబడలేదు.

కాసేపాగి, "బందరు రేవులో పదకొండో నంబరు అంటే ఏంటో తెలుసా?" అన్నారు.

మాది అవనిగడ్డ దగ్గర. తుఫాను రోజుల్లో రేడియోలో "మచిలీపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు" అన్న మాట వినని వాళ్ళు కోస్తాలో ఉండరు. ఆ నంబర్లు ఒకటి నుంచి పదకొండు దాకా. పగలు స్తంభం మీద శంకువులూ పీపాలూ లాంటి ఆకారాలు వేలాడదీస్తారు, రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు. చదువు రాని పడవవాడు కూడా అల్లంత దూరం నుంచి చూసి తెలుసుకోవాలని. ఎనిమిది, తొమ్మిది, పది అంటే మహాప్రమాదం. నేను పదితో అయిపోయిందనుకునేవాణ్ణి. అంతకన్నా పెద్ద తుఫాను ఇంకేముంటుంది?

"పదకొండంటే తుఫాను పెద్దదని కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఇక మాకేం తెలీదు, గాలి చూస్తే బాలేదు, మీ జాగ్రత్తలో మీరుండండని. ఏమీ చెప్పలేకపోవడానికి కూడా ఒక నంబరు పెట్టుకున్నార్రా వాళ్ళు. అదీ పది తర్వాత పెట్టారు, ఒకటికి ముందు కాదు."

1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నాన్నగారికి ఇరవైమూడేళ్ళు. దివిసీమలో వేలమంది పోయిన రాత్రి అది. దాని గురించి ఆయన ఎక్కువ మాట్లాడరు. ఆరోజు మాత్రం ఒక్క మాటన్నారు. రేడియోలో హెచ్చరిక విన్నామనీ, అంతకుముందూ చాలాసార్లు విన్నామనీ, ప్రతిసారీ వాన కురిసి వెళ్ళిపోయేదనీ. "ఆసారిది వేరని ఎవరు చెప్తారు? మాట ఒకటేగా." అని ఊరుకున్నారు.

మర్నాడు ఆఫీసుకెళ్ళి తెరని మొదట్నుంచీ మార్చడం మొదలుపెట్టాను. ముందు ఎరుపుకి రేటు పెంచాను. ఎన్ని డిగ్రీలు దాటింది, ఎంతసేపు దాటింది, రెండూ కలిపి లెక్కేస్తేగానీ ఎర్రబడదు. తలుపు తీసినంతమాత్రాన పైకెక్కి దిగేవి పక్కనున్న పట్టీలోకి పోతాయి, కావలసినవాళ్ళు చూసుకుంటారు. బాగున్నవాటికి ఆకుపచ్చ తీసేశాను. బాగున్నదానికి రంగెందుకు? వాటికే లేత బూడిద ఇచ్చాను. కబురు ఆగి అరగంట దాటితే మాత్రం చుక్క కాదు, నల్లటి అంచుతో లోపల ఖాళీగా ఉండే పెద్ద చతురస్రం. దానికి కోడులో పదకొండు అని పేరు పెట్టాను. తర్వాత ఆ కోడు చూసినవాళ్ళెవరికీ ఎందుకో అర్థమై ఉండదు.

ఆకారం మార్చడానికి ఇంకో కారణమూ ఉంది. ఐరోపా మూలాలున్న మగవాళ్ళలో సుమారు పన్నెండుమందికి ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలీదు. మా టీములో ఒకాయనకి అంతే. రెండేళ్ళుగా నా పచ్చ-ఎరుపు తెరలన్నీ ఆయన మొహమాటంకొద్దీ భరించారని అప్పుడు తెలిసింది.

ఒకదానిమీద ఒకటి పడే చుక్కల్లో ప్రమాదంలో ఉన్నది పైకి రావాలి. అది చిన్న మార్పే, అంతకుముందు అక్షరక్రమంలో పైకొచ్చేవి, చెప్పుకుంటే సిగ్గుచేటు. మ్యాపుని దగ్గరకు తెచ్చుకున్నప్పుడు తెర బయట మిగిలిపోయినవాటి సంగతేంటన్నది ఇంకో చిక్కు. దీనికి బౌడిష్, రోజెన్‌హోల్జ్ అనే ఇద్దరు 2003లో ఒక అందమైన ఉపాయం చెప్పారు. కనబడని వస్తువు చుట్టూ పెద్ద వృత్తం గీస్తే, దాని అంచు మాత్రం తెర పక్కన కొంచెం తొంగిచూస్తుంది. వంపు ఎక్కువుంటే వస్తువు దగ్గర్లోనే ఉన్నట్టు, వంపు తక్కువుంటే దూరమని. వీధి మలుపు తిరక్కముందే లైటు వెలుగు గోడమీద పడితే బండి వస్తోందని మనకి తెలిసినట్టు. అదీ పెట్టాను.

డామేజరుగారికి ఈ కొత్త తెర నచ్చలేదు. "ఏంటిది, ఖాళీగా ఉంది? డబ్బులిచ్చినవాళ్ళకి ఏదో ఒకటి కనబడాలి కదా" అన్నారు. కనీసం ఎర్రవి మిణుకుమిణుకుమనేలా పెట్టమన్నారు. పెట్టాను. డ్యూటీలో ఉండే ఆవిడ రెండోరోజే తెర మీద కాగితం అంటించుకున్నారు. తీసేశాను. ఈసారి మాత్రం డెమోకి జనవరి 4 డేటా తీసుకెళ్ళాను. తెరంతా నిమ్మళంగా ఉంది, మధ్యలో ఒక్క ఖాళీ చతురస్రం. ఎవరూ వావ్ అనలేదు. క్లయింటు లేచి తెర దగ్గరకెళ్ళి ఆ ఊరి పేరు చదివారు.

మంటల వాళ్ళు కూడా ఊరికే కూర్చోలేదని చెప్పాలి. ఈ ఊరికి ఆ పాఠం పాతది. 2003 జనవరి 18న కాన్‌బెర్రా నైరుతి శివార్లలోకి మంటలొచ్చి నలుగురు పోయారు, దాదాపు 500 ఇళ్ళు కాలిపోయాయి. జనానికి సరైన సమయంలో హెచ్చరిక అందలేదని 2006లో కరోనర్ నివేదిక తేల్చింది. అప్పట్లో రోడ్ల పక్కన కనబడే మంటప్రమాద సూచికలో, 2009 విక్టోరియా మంటల తర్వాత మొత్తం ఆరు మెట్లయ్యాయి. హై, వెరీ హై, సివియర్, ఎక్స్‌ట్రీమ్... ఏది దేనికన్నా ఎక్కువో ఇంగ్లీషు మాతృభాషైనవాళ్ళకే గుర్తుండేది కాదు. 2022 సెప్టెంబరు 1 నుంచి దేశమంతా నాలుగే మెట్లు. హెచ్చరికలకీ అన్ని రాష్ట్రాల్లో ఒకే త్రికోణం, పసుపు, నారింజ, ఎరుపు. నీలం పోయింది. నీలం చూసి భయపడాలా వద్దా అని మా అమ్మ నన్ను రోజుకి పదిసార్లు అడిగేది, ఆ బాధా పోయింది :)

మళ్ళీ 2020కి. జనవరి 20న గోల్ఫు బంతులంత వడగళ్ళు పడి ఊళ్ళో కార్లన్నీ సొట్టలు పోయాయి, మాదీనూ. 27న దక్షిణాన నమాజీ జాతీయ ఉద్యానవనంలోని ఒరోరల్ లోయలో మంట అంటుకుంది. 31న అత్యయిక పరిస్థితి ప్రకటించారు. ఆ రాత్రి మా వీధి చివర నుంచి చూస్తే దక్షిణాన ఆకాశం ఎర్రగా ఉంది. ఇంట్లో అందరం ఫోన్లు పట్టుకుని మ్యాపుల్లో మునిగితే నాన్నగారొక్కరే తాపీగా ఉన్నారు. "వలయంలోకి రాలేదుగా ఇంకా? వస్తే చెప్పు, మందులు సర్దుకుంటా" అన్నారు. రాలేదు. మా గంగాలిన్ అటు చివర, అది ఇటు చివర. ఫిబ్రవరిలో వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. మార్చి 20న సరిహద్దులు మూసేశారు. మళ్ళీ చూడ్డానికి రెండేళ్ళు పట్టింది.

2023 డిసెంబరు 5. మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతోంది. ఇక్కడ సాయంత్రం, పిల్లాడు స్నానానికి వెళ్ళనని గొడవ. నేను కంప్యూటర్లో ఉపగ్రహచిత్రం తెరిచి కూర్చున్నాను. ఎరుపు, ఊదా, పసుపు, కోస్తా మొత్తాన్ని కప్పేసిన పెద్ద సుడి. తీరపు గీత కూడా కనబడదు. కృష్ణ సముద్రంలో కలిసేచోటు ఏదో, అవనిగడ్డ ఏదో, అరగంట వెతికాను. ఫోన్లు కలవడంలేదు. పదకొండో నంబరు.

రాత్రి పదింటికి కలిసింది.

"ఎక్కడున్నారు నాన్నా? మ్యాపులో ఏమీ తెలియట్లేదు."

"ఎక్కడుంటాం, ఇంట్లోనే. కరెంటు లేదు. అరటిచెట్లన్నీ పడిపోయాయి. నువ్వు చూసేదాంట్లో అరటిచెట్లు కనిపించవుగా?"

"కనిపించవు."

"సరే అయితే, రాసుకో. పదిహేడు."